బోరు నీళ్ళకు గరుకెక్కిన జుట్టుకు యాపిల్ సైడర్ వెనిగర్: కొలతలు, పోసుకునే తీరు, జాగ్రత్తలు

షాంపూతో తలంటుకుని ఎన్ని చెంబుల నీళ్ళు పోసుకున్నా జుట్టు గరుకుగానే మిగలడం, ఆరిన తర్వాత పీచులా లేచి దువ్వెన సగంలోనే ఆగిపోవడం బోరు నీళ్ళ మీద ఆధారపడిన ఇళ్ళలో చాలామందికి తెలిసిన ఇబ్బందే. యాపిల్ సైడర్ వెనిగర్‌ను బాగా పలుచన చేసి తలస్నానం చివర పోసుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. ఖర్చు తక్కువ, పద్ధతి తేలిక. అయితే చుండ్రు పోగొడుతుందని, జుట్టు రాలడం ఆపుతుందని, బట్టతల మీద కూడా వెంట్రుకలు మొలిపిస్తుందని ఈ వెనిగర్‌కు లేని గుణాలన్నీ అంటగట్టడం వల్ల, నమ్మినవారు మోతాదు పెంచి మాడు మండించుకుంటున్నారు. ఇది మందు కాదు, తైలం కాదు, కండిషనర్ కూడా కాదు. కడిగిన జుట్టు మీద మిగిలిపోయిన క్షారాన్ని, నీళ్ళలోని సున్నపు అంశాన్ని కొంతవరకు తొలగించే పలుచని ఆమ్లం మాత్రమే. ఆ ఒక్క పనికోసం, కొలత తప్పకుండా వాడితే మేలు చేస్తుంది. ఆ కొలతేమిటో, ఎవరికి అవసరమో, ఎవరికి అక్కర్లేదో ఇక్కడ వివరంగా చెబుతాను.

పులుపు వెంట్రుకను ఎందుకు నున్నగా చేస్తుంది

వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి వాలిన సన్నని పొలుసులతో ఏర్పడి ఉంటుంది. ఈ పొలుసులు కుదుళ్ళ వైపు నుంచి చివర్ల వైపు వాలి ఉంటాయి కాబట్టే వెంట్రుకను పై నుంచి కిందికి నిమిరితే నున్నగా, కింది నుంచి పైకి నిమిరితే గరుకుగా తగులుతుంది. అవి అణిగి ఉన్నంతకాలం జుట్టు మెరుస్తుంది, ఒక పాయ మరొక పాయ మీద జారిపోతుంది. అవి లేచినప్పుడు ఒకదానికొకటి తగులుకుని చిక్కులు పడతాయి. దువ్వినకొద్దీ తెగుతాయి కూడా.

పొలుసులు అణిగి ఉండటానికీ లేవడానికీ ఉన్న కారణాలలో ముఖ్యమైనది పీహెచ్. 0 నుంచి 14 వరకు ఉండే ఈ కొలమానంలో 7 తటస్థం, దానికంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. మాడు చర్మం పీహెచ్ సుమారు 5.5, వెంట్రుకది సుమారు 3.67. అంటే రెండూ ఆమ్లం వైపే ఉన్నాయి, వెంట్రుక మరీ ఎక్కువగా. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. ఇలాంటి క్షారం తగిలినప్పుడు వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం పెరిగి, వెంట్రుకలు ఒకదానినొకటి నెట్టుకుంటాయి. వెంట్రుక నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, పొలుసులు కొద్దిగా పైకి లేస్తాయి, రాపిడి పెరుగుతుంది. తర్వాత పలుచని ఆమ్లం తగిలితే ఆ ఆవేశం తగ్గి, పొలుసులు తిరిగి అణుగుతాయి. వెనిగర్ నీళ్ళు పోసుకోగానే చేతికి తెలిసే నునుపుకు మూలం ఇదే.

షాంపూలన్నీ సబ్బంత క్షారంగా ఉండవు. 2014లో బ్రెజిల్ పరిశోధకులు 123 షాంపూల పీహెచ్ కొలిచి ప్రచురించారు. వాటిలో 5.5 లేదా అంతకంటే తక్కువ ఉన్నవి సుమారు 38 శాతం మాత్రమే. కాబట్టి ఇంట్లో వాడే షాంపూ ఏ కోవలోనిదో తెలుసుకోవడం ఉపయోగం. పీహెచ్ కొలిచే కాగితపు పట్టీలు ఆన్‌లైన్‌లోనూ, ప్రయోగశాల సామాగ్రి దుకాణాల్లోనూ తక్కువ ధరకే దొరుకుతాయి. షాంపూను కొద్దిగా ఆర్వో నీళ్ళలో కలిపి పట్టీ ముంచితే రంగు మారి సంగతి చెబుతుంది.

నీళ్ళ సంగతి

మన ప్రాంతంలో వెనిగర్ గురించి మాట్లాడేటప్పుడు షాంపూ కంటే ముందు నీళ్ళ గురించి మాట్లాడాలని నా అభిప్రాయం. తెలంగాణలోనూ, రాయలసీమలోనూ ఎక్కువ భాగం గట్టి రాతి నేల. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన నీటిని బోరు వేసి తోడుకుంటున్నాం. ఇలాంటి చాలా బోర్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉంటాయి. ఇవి ఎక్కువగా ఉన్న నీళ్ళనే కఠినజలం అంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రమాణం ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 600 వరకు అనుమతిస్తారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు వచ్చే కుళాయి వంటింటికే పరిమితమై, స్నానాల గదికి బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో వచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది. అందుకే తాగే నీళ్ళు మంచివే అయినా తలకు పోసుకునే నీళ్ళు కఠినంగా ఉండవచ్చు.

బకెట్ల అంచుల మీద తెల్లటి చారలు, షవరు రంధ్రాలు మూసుకుపోవడం, గీజరు లోపల సున్నం పేరుకోవడం కఠినజలానికి గుర్తులు. ఇంకాస్త స్పష్టంగా తెలుసుకోవాలంటే ఒకే రకమైన రెండు ఖాళీ సీసాలు తీసుకుని, ఒకదానిలో బోరు నీళ్ళు, మరొకదానిలో వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో సగం వరకు పోసి, రెండింటిలోనూ గోరంత స్నానపు సబ్బు ముక్క వేసి గట్టిగా కుదపాలి. మెత్తని నీళ్ళ సీసాలో నురుగు నిండుతుంది. కఠినజలం ఉన్న సీసాలో నురుగు సరిగా రాక, నీళ్ళు పాలలా తెల్లబడి, పైన మడ్డి తేలుతుంది. ఈ పరీక్ష సబ్బుతోనే చేయాలి. షాంపూలోని డిటర్జెంట్లు కఠినజలంలో కూడా నురుగునిస్తాయి కాబట్టి తేడా అంత తేలికగా కనబడదు.

ఆ సీసాలో తేలిన మడ్డే సబ్బుతో తల రుద్దుకున్నప్పుడు జుట్టు మీద కూడా కూర్చుంటుంది. షాంపూతో అంత మడ్డి ఏర్పడకపోయినా, నీళ్ళలోని కాల్షియం వెంట్రుకలోని ప్రోటీనుకు అంటుకుని కొద్దికొద్దిగా పేరుకుంటూ జుట్టును బరువెక్కించి గరుకుగా మారుస్తుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం దీనిలో కొంత భాగాన్ని కరిగించి వదిలిస్తుంది. పూర్తిగా వదిలించే శక్తి దానికి లేదు. ఏళ్ళ తరబడి పేరుకున్నదానిని తీయడానికి, కాల్షియాన్ని పట్టుకుని వదిలించే ఈడీటీఏ వంటి పదార్థాలు కలిపి ప్రత్యేకంగా తయారుచేసిన షాంపూలు వెనిగర్ కంటే బాగా పనిచేస్తాయి. వాటిని నెలకు ఒకసారి వాడి, మధ్యలో వెనిగర్ నీళ్ళు పోసుకోవడం బోరు నీళ్ళ ఇళ్ళకు తగిన ఏర్పాటు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. ఆర్వో యంత్రం నుంచి వృథాగా బయటికి వచ్చే నీళ్ళను పారబోయడం ఇష్టంలేక బకెట్టులో పట్టి స్నానానికి వాడేవారు ఉన్నారు. నీళ్ళు ఆదా చేయాలన్న ఆలోచన మంచిదే గానీ, తాగే నీళ్ళ నుంచి తీసేసిన లవణాలన్నీ చేరి ఉండే ఆ నీళ్ళు బోరు నీళ్ళకంటే కూడా కఠినం. వాటిని నేల తుడవడానికి వాడుకోవచ్చు, తలకు మాత్రం పోసుకోకూడదు.

విదేశాల్లో ఉన్నవారు కూడా ముందు తమ ఊరి నీళ్ళు చూసుకోవాలి. లండన్ నీళ్ళు సుద్దరాతి పొరల ప్రభావం వల్ల బాగా కఠినం. అమెరికాలోని సియాటిల్ నీళ్ళు మెత్తనివి. లండన్‌లో అక్కకు పనికొచ్చిన వెనిగర్ సియాటిల్‌లో చెల్లెలికి ఏ తేడా చూపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎవరికి అక్కర్లేదు

కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, పిసికి తీసిన రసంతో తలంటు పోసుకునేవారికి వెనిగర్ అవసరం దాదాపుగా లేదు. కుంకుడు రసం స్వతహాగా కొద్దిగా ఆమ్ల గుణం కలిగినదే. పైగా దానిలో నురుగునిచ్చే సాపోనిన్లు సబ్బులాగా కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. శీకాయ కూడా అంతే. వీటి తర్వాత జుట్టు పొడిగా అనిపిస్తే అది నూనె ఎక్కువగా పోవడం వల్ల వచ్చిన పొడితనం. దానికి మందు రసం పలుచన చేసుకోవడమే గానీ, దాని మీద ఇంకో పులుపు పోయడం కాదు. అలాగే మెత్తని నీళ్ళు, తక్కువ పీహెచ్ ఉన్న షాంపూ, కండిషనర్ మూడూ ఉన్న ఇంట్లో వెనిగర్ వల్ల ఒరిగేది తక్కువ. కండిషనర్లు చాలావరకు ఆమ్ల గుణంతోనే తయారవుతాయి. పొలుసులు అణచే పనితో పాటు వెంట్రుక మీద పలుచని జిడ్డు పొరను కూడా అవి మిగులుస్తాయి. వెనిగర్ ఆ రెండో పని చేయలేదు.

మేలు కనిపించేది సబ్బుతోనో క్షారగుణం ఎక్కువున్న షాంపూతోనో తల రుద్దుకునేవారికి, బోరు నీళ్ళే దిక్కైనవారికి, కండిషనర్ పెడితే తల జిడ్డుగా అంటుకుపోయే పలుచని జుట్టు ఉన్నవారికి. హెల్మెట్ కింద గంటల తరబడి చెమట పట్టే మగవాళ్ళలో కూడా ఇది కొందరికి హాయిగా ఉంటుంది.

సీసా ఎంపిక

యాపిల్ సైడర్ వెనిగర్ రెండు దశల్లో తయారవుతుంది. మొదట యాపిల్ రసంలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. తర్వాత ఎసిటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. అంగట్లో దొరికే సీసాల మీద సాధారణంగా 5 శాతం ఆమ్లత అని రాసి ఉంటుంది. నేను కింద చెప్పే కొలతలన్నీ ఈ 5 శాతాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. 4 శాతం ఉన్న సీసా దొరికితే అదే కొలత వాడవచ్చు. అంతకంటే గాఢమైనది, శుభ్రపరచడానికి అమ్మేది, ప్రయోగశాలలో వాడే ఎసిటిక్ ఆమ్లం వంటివి ఎంత పలుచన చేసినా సరే తలకు వాడకూడదు. వాటిని కొలవడంలో చిన్న పొరపాటు జరిగినా చర్మం కాలిపోతుంది.

కిరాణా కొట్లో చవకగా దొరికే తెల్లని వెనిగర్ చాలావరకు కృత్రిమంగా ఎసిటిక్ ఆమ్లం కలిపి చేసినది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అలాంటి సీసా మీద అది సింథటిక్ అని స్పష్టంగా రాయాలి. జుట్టు మీద పనిచేసేది ప్రధానంగా ఎసిటిక్ ఆమ్లమే కాబట్టి, యాపిల్ వెనిగర్‌లో వేరే మహత్తు ఏదో ఉందని అనుకోనక్కర్లేదు. అయినా పులియబెట్టి చేసినదానినే ఎంచుకోమని సలహా ఇస్తాను. దాని ఘాటు కాస్త మృదువుగా ఉంటుంది, వంటకూ పనికొస్తుంది. సీసా అడుగున తేలే పీచులాంటి తెర బ్యాక్టీరియా, సెల్యులోజు కలిసిన ముద్ద. ఇది ఉన్న వెనిగర్‌కు ఎక్కువ ధర పెడతారు గానీ జుట్టుకు దానివల్ల ప్రత్యేక లాభమేమీ లేదు. ఉంటే పలుచని గుడ్డలో వడకట్టుకుంటే తలలో తెరలు చిక్కుకోకుండా ఉంటాయి. తేనె, అల్లం, దాల్చినచెక్క కలిపి తాగడానికి అమ్మే రకాలు మాత్రం తలకు పనికిరావు.

కొలత

మొదటిసారి వాడేవారు అర లీటరు నీళ్ళకు 15 మి.లీ. వెనిగర్ కలుపుకోవాలి. ఇది ఒక టేబుల్ స్పూనుకు సమానం. టీ స్పూనుతో అయితే మూడు. వంటింటి గరిటెలూ చెంచాలూ ఒక్కో ఇంట్లో ఒక్కో పరిమాణంలో ఉంటాయి కాబట్టి, గీతలు గీసి ఉన్న దగ్గు మందు కొలత మూతను కడిగి వాడుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. రెండు మూడు వారాలు ఇలా వాడి, మాడు మీద మంట, దురద ఏమీ లేకపోతే అవసరాన్ని బట్టి అదే అర లీటరుకు 30 మి.లీ. వరకు పెంచవచ్చు. అక్కడ ఆగాలి.

ఆ హద్దుకు కారణం ఉంది. అర లీటరు నీళ్ళలో 30 మి.లీ. కలిపితే ఎసిటిక్ ఆమ్లం దాదాపు 0.3 శాతం అవుతుంది. 2019లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ చర్మవైద్యులు 22 మందితో రెండు వారాల పాటు రోజూ పది నిమిషాలు 0.5 శాతం ఆమ్లత గల యాపిల్ వెనిగర్ నీళ్ళలో ముంజేతిని నానబెట్టించి చూశారు. చర్మపు రక్షణ పొర బాగుపడలేదు సరికదా, ఎక్కువమందికి మంట, దురద వంటి ఇబ్బందులు కలిగాయి. వారిలో ఎగ్జిమా లేని ఆరోగ్యవంతులు కూడా ఉన్నారు. 0.5 శాతమే పది నిమిషాల్లో ఇంత చేసినప్పుడు, వెనిగర్‌ను సగానికి సగం నీళ్ళు కలిపి అరగంట తలకు పట్టించమని చెప్పే సలహాలు ఎంత ప్రమాదకరమో ఆలోచించాలి. ఇక నీళ్ళు కలపని వెనిగర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముక్కు మీది పుట్టుమచ్చలు పోగొట్టుకుందామని 14 ఏళ్ళ అమ్మాయి ఒకరు దానిని నేరుగా రాసుకుని చర్మం కాల్చుకున్న ఉదంతం 2015లో ఒక అమెరికా చర్మవైద్య పత్రికలో నమోదైంది.

జడ నడుము దాటినవారికి అర లీటరు చాలదు. అలాంటివారు నీళ్ళూ వెనిగరూ అదే నిష్పత్తిలో పెంచుకుని లీటరు నీళ్ళకు 30 మి.లీ. కలుపుకోవాలే తప్ప, అవే నీళ్ళలో వెనిగర్ ఎక్కువ పోయకూడదు.

కలిపే నీళ్ళు ఆర్వో నీళ్ళో, నది నుంచి వచ్చే కుళాయి నీళ్ళో అయితే మంచిది. బోరు నీళ్ళలోని బైకార్బొనేట్లు ఆమ్లంలో కొంత భాగాన్ని అక్కడికక్కడే తటస్థం చేసేస్తాయి. దానివల్ల హాని లేదు గానీ, కలిపిన వెనిగర్‌లో కొంత నీళ్ళ మీదే ఖర్చవుతుంది. వానాకాలంలో మొదటి జల్లుకు డాబా కడిగిపోనిచ్చి, తర్వాత కురిసిన వాన నీళ్ళు పట్టుకోగలిగితే అంతకంటే మెత్తని నీళ్ళు ఉండవు. పీహెచ్ పట్టీ ఉంటే కలిపిన నీళ్ళలో ముంచి చూడవచ్చు. 3 నుంచి 4 మధ్య చూపించాలి. 3 కంటే తక్కువ చూపిస్తే వెనిగర్ ఎక్కువైనట్టే, ఇంకా నీళ్ళు కలపాలి.

ఈ నీళ్ళు స్టీలు, గాజు, ప్లాస్టిక్ పాత్రలలోనే కలపాలి. స్నానాల గదిలో రాగి చెంబో ఇత్తడి చెంబో వాడే అలవాటు ఉన్న ఇళ్ళలో ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఎసిటిక్ ఆమ్లం రాగిని తిని చిలుము పుట్టిస్తుంది, ఆ రాగి లవణాలు నీళ్ళలోకి దిగుతాయి. ఎప్పటికప్పుడు కలుపుకోవడమే మేలు. వారాల తరబడి కలిపి ఉంచకూడదు.

పోసుకునే తీరు

వాడటానికి ముందురోజు మోచేతి మడతలో లోపలి వైపు కలిపిన నీళ్ళు కొద్దిగా రాసి, ఒక నిమిషం ఉంచి కడిగేసి, మరుసటి రోజు వరకు చూడాలి. ఎర్రబడినా, దురద పుట్టినా తలకు వాడకూడదు.

తలస్నానం ఎప్పటిలాగే చేయాలి. నూనె రాసుకునేవారు నూనె పెట్టుకుని, షాంపూతో మాడు రుద్దుకుని, నురుగు పూర్తిగా పోయేదాకా కడుక్కోవాలి. ఇక్కడ తొందరపడకూడదు. షాంపూ మిగిలి ఉండగా వెనిగర్ నీళ్ళు పోస్తే అవి షాంపూను పలుచన చేయడానికే సరిపోతాయి. తర్వాత జుట్టును చేత్తో ఒత్తి నీళ్ళు పిండేయాలి. నీళ్ళు కారుతున్న జుట్టు మీద పోస్తే వెనిగర్ నీళ్ళు మరీ పలుచబడి జారిపోతాయి.

ఇప్పుడు తల వెనక్కి వంచి, కళ్ళు మూసుకుని, నుదుటి మీద ఒక చెయ్యి అడ్డంగా పెట్టుకుని, వెనిగర్ నీళ్ళు మెల్లగా పోసుకోవాలి. ముందుకు వంగి పోసుకుంటే కళ్ళలోకి కారే ప్రమాదం ఎక్కువ. మాడుకు కాకుండా జుట్టు పొడవునా, ముఖ్యంగా మెడ కింది నుంచి చివర్ల వరకు తడిసేటట్టు చూసుకోవాలి. గరుకుదనం ఎక్కువగా ఉండేది పాత వెంట్రుక ఉన్న కింది భాగంలోనే. కుదుళ్ళ దగ్గర ఉన్నది ఈ నెలలో పుట్టిన కొత్త వెంట్రుక, దానికి ఇది పెద్దగా అక్కర్లేదు. జుట్టు పొడవుగా ఉన్నవారు వెడల్పాటి గిన్నెలో ఈ నీళ్ళు పోసి, కింది సగాన్ని దానిలో ముంచి తీయవచ్చు. మాడుకూ కళ్ళకూ తగలకుండా పని జరుగుతుంది కాబట్టి నాకు ఈ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది.

ఒకటి రెండు నిమిషాలు చాలు. ఆ సమయంలో వేళ్ళతో పాయలు విడదీసుకోవాలి. చిక్కులు తేలికగా జారడం అప్పుడే తెలుస్తుంది. తర్వాత మామూలు నీళ్ళతో కడిగేయాలి. వెనిగర్‌ను కడగకుండా అలాగే వదిలేయమని చెప్పేవారు ఉన్నారు. మన ఎండలో, చెమటలో, వాసనతో పాటు మాడు మీద చురుక్కుమనే మంట కూడా మిగులుతుంది కాబట్టి నేను ఆ సలహా ఇవ్వను. అయితే కడగడానికి మళ్ళీ అదే బోరు నీళ్ళు గుమ్మరిస్తే చేసిన పనిలో సగం పోతుంది. ఈ చివరి కడుగుడుకు మాత్రం రెండు మగ్గుల మంచినీళ్ళు విడిగా పెట్టుకోవాలి. అర బకెట్టు అవసరం లేదు.

కండిషనర్ అలవాటు ఉన్నవారు దీని తర్వాత చివర్లకు మాత్రం కొద్దిగా పట్టించి కడుక్కోవచ్చు. రింగుల జుట్టు ఉన్నవారికి, రంగు వేయించుకున్నవారికి ఇది తప్పనిసరి అని చెప్పవచ్చు. వారి వెంట్రుకకు వెనిగర్ ఇవ్వలేని జిడ్డు అవసరం. వాసన గురించి చాలామంది జంకుతారు. ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోయే గుణం కలది కాబట్టి జుట్టు పూర్తిగా ఆరగానే వాసన పోతుంది. వానాకాలంలో ఆరడం ఆలస్యమైతే వాసన కూడా ఆలస్యంగా పోతుంది. తడి జుట్టుకు ముడి వేసుకుంటే లోపలే నిలుస్తుంది.

వారానికి ఒకసారి పోసుకుంటే చాలు. నూనె ఎక్కువ ఊరే జుట్టు ఉన్నవారికి కూడా అంతకు మించి అక్కర్లేదు. పొడి జుట్టు ఉన్నవారు రెండు వారాలకు ఒకసారితో సరిపెట్టుకోవాలి.

ఎప్పుడు దూరంగా ఉంచాలి

మాడు మీద పుండ్లు, గోకిన గాట్లు, ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నప్పుడు వెనిగర్ వద్దు. తిరుమలలోనో మరో క్షేత్రంలోనో తలనీలాలు సమర్పించి వచ్చినవారి తల మీద కంటికి కనబడని కత్తి గాట్లు ఉంటాయి. కొత్త జుట్టు ఒత్తుగా వస్తుందని ఎవరైనా చెప్పినా అప్పుడు దీనిని రాయకూడదు. రంగు వేసుకున్న రోజు, జుట్టు నిటారుగా చేయించుకున్న వారం కూడా దీనికి తగిన సమయం కాదు. ఆ చికిత్స చేసినవారు చెప్పిన గడువు పూర్తయ్యాకే ఆలోచించాలి. గోరింటాకు పెట్టుకున్నవారికి మాత్రం ఇబ్బంది లేదు. చిన్నపిల్లలకు ఇది అసలు అవసరం లేదు, వాళ్ళు కళ్ళు మూసుకుని ఉంటారన్న నమ్మకమూ లేదు. ఒకవేళ కళ్ళలో పడితే రుద్దకుండా, కనురెప్పలు విప్పి పట్టుకుని, ధారగా కారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఎరుపు గానీ నొప్పి గానీ మిగిలితే కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

నిమ్మరసం వాడితే సరిపోదా అని అడిగేవారు ఉంటారు. పులుపు మన ఇళ్ళలో తలకు కొత్త కాదు. పుల్ల మజ్జిగ, మెంతిపిండిలో కలిపిన పుల్ల పెరుగు, నిమ్మరసం తరతరాలుగా వాడుతున్నవే. పెరుగు మృదువైనది, కడగడమే శ్రమ. నిమ్మరసంతో ఒక చిక్కు ఉంది. మన నిమ్మకాయలో, ముఖ్యంగా దాని తొక్కలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, వారాల తరబడి పోని నల్లటి మచ్చలు వస్తాయి. నుదుటి మీదికి, మెడ మీదికి కారిన నిమ్మరసంతో డాబా మీద ఎండలో జుట్టు ఆరబెట్టుకోవడం అందుకే మంచిది కాదు. వెనిగర్‌తో ఆ భయం లేదు. నిమ్మకాయ నిమ్మకాయకూ పులుపు మారుతుంది కాబట్టి కొలత కూడా కుదరదు.

చుండ్రు, జుట్టు రాలడం, పేలు

చుండ్రుకు ప్రధాన కారకం మాడు మీది జిడ్డును తిని బతికే మలసేజియా అనే ఈస్టు. వెనిగర్ దానిని అదుపు చేస్తుందని చెప్పడానికి సరైన ఆధారం లేదు. పొలుసులు కొన్ని రాలి, నాలుగు రోజులు తగ్గినట్టు కనబడవచ్చు. కీటోకోనజోల్ 2 శాతం ఉన్న షాంపూను వైద్యుని సలహాతో వారానికి రెండుసార్లు, నురుగును మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉంచి కొన్ని వారాలు వాడితే చుండ్రు నిజంగా అదుపులోకి వస్తుంది. ఆ రోజుల్లో వెనిగర్ పక్కన పెట్టాలి. పేల విషయంలో కూడా వెనిగర్ ఈపులను వదిలిస్తుందన్న మాట నమ్మదగినది కాదు. ఈపి వెంట్రుకకు పట్టుకుని ఉండే జిగురును అది కరిగించలేదు. తడి జుట్టులో ఈరిపెన పెట్టి పాయపాయనూ ఓపికగా దువ్వడమే అక్కడ పనిచేస్తుంది.

జుట్టు రాలడానికీ వెనిగర్‌కూ సంబంధం లేదు. కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడటం, రక్తహీనత, థైరాయిడ్ లోపం, టైఫాయిడ్, డెంగీ వంటి జ్వరాల తర్వాత రాలడం, ఇవన్నీ కుదుళ్ళలో జరిగే మార్పులు. బయట పోసే పులుపు నీళ్ళు అక్కడికి చేరవు. చిక్కులు తగ్గడం వల్ల దువ్వెనలో తెగిన వెంట్రుకలు తక్కువ కనబడితే దానిని రాలడం ఆగినట్టుగా పొరబడకూడదు. ఊడిన వెంట్రుక చివర తెల్లటి చిన్న ఉబ్బు ఉంటే అది కుదురుతో సహా వచ్చినది, ఉబ్బు లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగినది. వెనిగర్ సాయపడగలిగేది ఈ రెండో రకానికే. మొదటి రకం రోజూ గుప్పెడు వస్తుంటే రక్త పరీక్షలు చేయించుకుని చర్మవైద్యుని సంప్రదించాలి.

నాలుగైదు తలస్నానాలు ఇలా చేసి చూసిన తర్వాత జుట్టు మరింత పొడిబారితే ముందు కొలత సగానికి తగ్గించి, అప్పటికీ మారకపోతే మానేయాలి. మాడు మీద ఏమాత్రం మంట మొదలైనా అదే రోజు ఆపాలి. ఏ తేడా లేకపోతే మీ నీళ్ళు మెత్తనివే కావచ్చు, లేదా పేరుకున్న కాల్షియం వెనిగర్‌కు లొంగనంత పాతది కావచ్చు. మొదటి సందర్భంలో చివర్లకు మంచి కండిషనర్, రెండో సందర్భంలో నెలకొకసారి ఈడీటీఏ ఉన్న షాంపూ వాడి చూడాలి. మిగిలిన వెనిగర్ వృథా కాదు. షవరు తలను విప్పి, నీళ్ళు కలపని వెనిగర్‌లో గంటసేపు నానబెడితే రంధ్రాల్లో పేరుకున్న సున్నం కరిగి, తలస్నానానికి నీళ్ళు ధారగా వస్తాయి. తర్వాత బాగా కడిగి బిగించుకోవాలి.